ఓసీడీకి మేత ఊరట

గ్యాస్ కట్టామో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం జాగ్రత్త. విశాఖ గాజువాకలో బస్సెక్కి, ఎన్‌ఏడీ జంక్షన్ దాకా వచ్చాక గుండె దడదడలాడి, దిగిపోయి, ఎదురు బస్సు పట్టుకుని ఇంటికెళ్లి రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, మళ్లీ బయల్దేరి, సగం దారిలో 'చెయ్యి పెట్టినప్పుడు పొరపాటున తిప్పేసేనేమో' అనుకోవడం ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు. ఇద్దరికీ వచ్చిన అనుమానం ఒకటే. చూసుకున్నాక మొదటి మనిషికి అది తీరిపోతుంది. రెండో మనిషికి తీరదు, కాసేపు ఊరట మాత్రం దొరుకుతుంది. ఆ ఊరటే రేపటి అనుమానానికి మేత.

జబ్బును గుర్తుపట్టడం దగ్గర్నుంచి మందులు మానడం దాకా ఈ పోస్టులో చెప్పేదంతా ఆ ఊరట చుట్టూనే తిరుగుతుంది.

ముందు జబ్బు నడిచే తీరు. వద్దన్నా వచ్చిపడే ఆలోచన, కళ్ల ముందు కదిలే బొమ్మ, లేదా ఏదో చేసి తీరాలన్న తొందర: ఇది అబ్సెషన్. దాంతో భయమో, అసహ్యమో, 'ఏదో సరిగ్గా కుదరలేదు' అన్న ఇబ్బందో వస్తుంది. అది తగ్గడానికి చేసే పని కంపల్షన్. కడగడం, చూసుకోవడం, లెక్కపెట్టడం, సర్దడం, అడగడం. పని చెయ్యగానే బాధ తగ్గుతుంది. 'కడిగాను కాబట్టే ఏమీ కాలేదు' అని మెదడు నేర్చుకుంటుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పటికీ రాదు. అందుకే మొదట్లో ఒకసారి కడిగితే తీరేది, ఏడాది తిరిగేసరికి పదిసార్లు కడిగినా తీరదు.

జనానికి తెలిసిన ఓసీడీ అంటే చేతులు కడుక్కోవడమే. బయటికి కనిపించని రకాలు ఉన్నాయి, వాటితో బాధపడేవాళ్లే ఎక్కువ ఏళ్లు నోరు మూసుకుని ఉండిపోతారు. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూలో నిలబడ్డ భక్తురాలికి, సరిగ్గా అమ్మవారిని చూసే క్షణంలో బూతుమాట మనసులో మెదులుతుంది. 'తప్పు తప్పు' అని లెంపలు వేసుకుని, మనసులో పదకొండుసార్లు నామం చదివి, ఒక్కసారి తడబడితే మళ్లీ మొదట్నుంచి చదువుతుంది. కొన్నాళ్లకు గుడికి వెళ్లడమే మానేస్తుంది. నెలల పిల్లకి స్నానం చేయిస్తున్న తల్లికి 'దీన్ని నీళ్లలో ముంచేస్తే' అన్న ఆలోచన వచ్చి ఒళ్లు జలదరిస్తుంది. ఇక ఆ పిల్లని ఎత్తుకోదు, కత్తులన్నీ అటక మీద దాచేస్తుంది. పిల్లల గురించి, సొంతవాళ్ల గురించి చెప్పుకోలేని లైంగికపు ఆలోచనలు కూడా ఇలాగే వస్తాయి.

ఈ మాట గట్టిగా చెప్పాలి: ఇవి వాళ్ల కోరికలు కావు. వాళ్లు దేన్ని అన్నిటికన్నా పవిత్రంగా చూసుకుంటారో, ఆలోచన అక్కడే కాటేస్తుంది. అలాంటి ఆలోచన చూసి అంతగా భయపడే మనిషి దాన్ని చేసెయ్యడన్నదే వైద్యుల అనుభవం. ఆ తల్లిని నేరస్తురాలిలా చూస్తే ఆమె మళ్లీ నోరు విప్పదు. ఒక్క సందర్భం మాత్రం వేరు. బాలింత తన ఆలోచనకి భయపడకుండా, అదే నిజమని నమ్ముతూ, ఎవరో చెయ్యమని చెబుతున్నారంటూ, నిద్రపోకుండా తికమకగా ఉంటే అది ఓసీడీ కాకపోవచ్చు. అది ప్రసవానంతర సైకోసిస్ కావొచ్చు, అంటే కాన్పు తర్వాత ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి. అది అత్యవసర పరిస్థితి. ఆమెను గానీ బిడ్డను గానీ ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రోగనిర్ధారణకి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. తలనొప్పి, ఫిట్స్, చెయ్యో కాలో బలహీనపడటం లాంటివి ఉన్నా, యాభై దాటాక మొదటిసారి మొదలైనా స్కాన్ అడగడంలో అర్థముంది. లేకపోతే ఆ డబ్బు థెరపీకి దాచుకోండి. నిర్ధారణ జరిగేది ప్రశ్నలతో. ఎక్కువగా కడుగుతారా, ఎక్కువసార్లు సరిచూస్తారా, వదిలించుకోవాలన్నా పోని ఆలోచన ఉందా, మామూలు పనులకు మరీ ఎక్కువ టైం పడుతోందా, వరస తప్పితే సహించలేరా, వీటివల్ల బాధపడుతున్నారా. ఒకదానికి అవునన్నా లోతుగా అడగాలి. ఇవన్నీ కలిపి రోజుకి గంట దాటి తింటున్నా, గంట దాటకపోయినా చదువునో ఉద్యోగాన్నో కాపురాన్నో దెబ్బతీస్తున్నా, అది వైద్యం కావాల్సిన ఓసీడీ. 'నెలకి ఎన్ని సబ్బులు అవుతున్నాయి, ఓవర్‌హెడ్ ట్యాంకు రోజుకి ఎన్నిసార్లు నింపుతున్నారు, బాత్రూంలో ఎంతసేపు' అని ఇంట్లోవాళ్లని అడిగితే, మనిషి సిగ్గుతో తగ్గించి చెప్పిన లెక్కని సరిదిద్దుకోవచ్చు.

ఇక్కడి ఉక్కపోతలో వేళ్ల సందులు ఎప్పుడూ తడిగా ఉండి చర్మం చిట్లుతుంది, ఫంగస్ పడుతుంది. చాలామంది ముందు చర్మ వైద్యుల దగ్గరికే వెళ్తారు. ఆయింట్‌మెంటుతో పుండు మానుతుంది, కడగడం ఆగదు కాబట్టి నెలలో తిరిగొస్తుంది. చేతులు చూసిన డాక్టరు 'రోజుకి ఎన్నిసార్లు కడుగుతావమ్మా' అని అడిగితే ఆ మనిషికి ఏళ్ల తరబడి బాధ తప్పుతుంది.

మడి, ఆచారం సంగతేమిటని అడుగుతారు. మడి జబ్బు కాదు. మడి కట్టుకున్న మామ్మగారికి వంటై నైవేద్యం పెట్టేస్తే ఆ పని అయిపోతుంది. ఆవిడ నియమాలు పదిమందికీ తెలిసినవే, పాటించాక మనసు తేలికపడుతుంది. ఓసీడీలో నియమాలు ఆ మనిషికొక్కరికే తెలుసు, నెలనెలా పెరుగుతాయి, పని ఎప్పటికి పూర్తయినట్టో చెప్పే గీత ఉండదు. అదే ఇంట్లో అంతకన్నా నిష్ఠ గల పెద్దవాళ్లే 'ఇంక చాలమ్మా' అంటున్నారంటే అది ఆచారం హద్దు దాటినట్టే.

మరికొన్ని తేడాలు టూకీగా. డిప్రెషన్‌లో మనిషి జరిగిపోయిన నష్టాల్ని తలుచుకుంటాడు, ఓసీడీలో జరగబోయేవాటికి భయపడతాడు. రెండూ కలిసి రావడమూ మామూలే. అన్నీ పద్ధతిగా ఉండాలని పట్టుబట్టి, అదే సరైనదని గర్వపడేవాళ్లది స్వభావం. ఓసీడీ మనిషి తన పని తనకే విసుగు పుట్టిస్తుంటే చేస్తాడు. చిన్నప్పట్నుంచి కళ్లు కొట్టడం, మెడ విదల్చడం, గొంతు సవరించడం లాంటి టిక్స్ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి, మందుల ఎంపిక మారుతుంది. పిల్లల్లో గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మొదలైతే అదీ చెప్పాలి.

తీవ్రత కొలవడానికి వైబాక్స్ అనే స్కేలు వాడతారు. అమెరికాలో 1989లో ప్రచురించింది. పది ప్రశ్నలు, ఆలోచనలకి అయిదు, పనులకి అయిదు. ఎంత టైం పోతోంది, ఎంత అడ్డు పడుతోంది, ఎంత బాధ, ఎంత ఎదిరిస్తున్నారు, ఎంత అదుపు ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 4. మొత్తం 40కి 8 నుంచి 15 స్వల్పం, 16 నుంచి 23 మధ్యస్థం, 24 నుంచి 31 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. మొదటి రోజు స్కోరు కాగితం మీద రాయించుకోండి. వైద్యం పనిచేసిందనడానికి కనీసం 35 శాతం తగ్గాలని లెక్క. 28 ఉన్నది 18కి వస్తే పనిచేసినట్టు, 25 దగ్గర ఆగితే లేదు. ఈ అంకె లేకపోతే 'పర్లేదు, కొంచెం నయం' అన్న మాట మీదే ఏళ్లు గడిచిపోతాయి.

వైద్యం రెండు కాళ్ల మీద నడుస్తుంది: ఇఆర్‌పి అనే థెరపీ, మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు. స్వల్పం, మధ్యస్థం అయితే ఇఆర్‌పి ఒక్కటే సరిపోవచ్చు. తీవ్రమైతే రెండూ కావాలి.

ఇఆర్‌పి (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటే భయపెట్టే పరిస్థితిలోకి కావాలని వెళ్లడం (ఎక్స్‌పోజర్), వెళ్లి కంపల్షన్ చెయ్యకుండా ఉండటం. విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఇద్దరు రోగుల మీద దీని ఫలితం ప్రచురించాడు. ఇప్పటికీ దీన్ని మించిన థెరపీ రాలేదు. వారానికి ఒకటో రెండో సెషన్లు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర, మొత్తం 12 నుంచి 20 దాకా. అసలు పని జరిగేది మాత్రం ఇంటి దగ్గర, రోజూ ముప్పావుగంట నుంచి గంట హోంవర్క్‌లో.

మొదటి వారం ఏదీ మానక్కర్లేదు. పుస్తకంలో రాయాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆలోచన, ఎంత భయం (0 నుంచి 100), ఏం చేశారు, ఎంతసేపు. ఆ పుస్తకంలోంచే మెట్లు కడతారు. మైల భయం ఉన్న మనిషికి మెట్లు ఇలా ఉండొచ్చు. ఇంటి గేటు గడియ ముట్టుకుని కడగకుండా ఉండటం, 30. ఆర్టీసీ బస్సు కడ్డీ పట్టుకుని, అదే చేత్తో సొంత ఫోను పట్టుకోవడం, 45. రైతుబజారులో చిల్లరగా వచ్చిన నోట్లు తలగడ మీద పెట్టి, రాత్రి దాని మీదే పడుకోవడం, 60. ఆసుపత్రి ఓపీ బెంచీ మీద అరగంట కూర్చుని, వచ్చి స్నానం చెయ్యకుండా మంచం మీద కూర్చోవడం, 75. ఆ బట్టలతోనే బీరువా తెరిచి, ఉతికిన బట్టలన్నీ ముట్టుకోవడం, 90. మొదలుపెట్టేది 30, 40 దగ్గర. ఒక మెట్టు విసుగొచ్చేదాకా రోజూ చేసి పైకి వెళ్లాలి. ఒకే చోట కాకుండా ఇంట్లో, ఆఫీసులో, బస్టాండులో చేస్తే నేర్చుకున్నది నిలుస్తుంది.

కడగడం పూర్తిగా మానమని కాదు. తినే ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో 20 సెకన్లు, అంతే. ఆ తర్వాత వెంటనే మళ్లీ బస్సు కడ్డీ ముట్టుకున్న ఫోనే పట్టుకుంటారు, లేకపోతే ఆ ఒక్క కడుగు కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు. మెట్టు ఎంత పెద్దదైనా మామూలు మనిషి మామూలుగా చేసే పని, లేదా దానికి కొంచెం అటు. ప్రమాదకరమైనది ఏదీ ఉండదు. గ్యాస్ భయానికి మందు గ్యాస్ తెరిచి వదిలెయ్యడం కాదు, ఒక్కసారి చూసి బయటికి నడవడం. గుడి భయానికి మందు దైవదూషణ కాదు. క్యూలో నిలబడటం, ఆలోచన వస్తే రానివ్వడం, లెంపలు వేసుకోకుండా, నామం మొదలుపెట్టకుండా దండం పెట్టుకుని ఇంటికి రావడం. ఆలోచనలే ముఖ్యమైన రకంలో, భయపెట్టే వాక్యాన్ని వాళ్ల గొంతుతోనే ఫోనులో రికార్డు చేసి అరగంట వరసగా వినిపిస్తారు.

ఇది ఫెయిలయ్యేది దొంగచాటు ఊరట వల్ల. అందరి ముందూ కడగరు, జేబులో శానిటైజర్ ఉంటుంది. ఎడమ చేత్తో ముట్టుకుని కుడిచేతిని శుభ్రంగా కాపాడుకుంటారు. మనసులో 'ఏం కాదులే, ఏం కాదులే' అని జపం చేస్తారు. తాళం మళ్లీ చూడరు గానీ వేసిన తాళానికి ఫొటో తీసి ఆఫీసులో పదిసార్లు చూస్తారు. రాత్రికి కలిపి గంట స్నానం చేస్తారు. భయం గరిష్ఠంగా ఉన్నప్పుడు లేచి వెళ్లిపోతారు. వీటిని తిట్టనక్కర్లేదు, కనిపెట్టి మెట్లలో చేర్చాలి. ఫొటో తియ్యకుండా బయల్దేరడం కూడా ఒక మెట్టే. సెషన్‌లో భయం తగ్గలేదని నిరాశపడొద్దు. భయం ఉన్నా ఓర్చుకోగలిగాను, అనుకున్న ఘోరం జరగలేదు అని మెదడుకు అందితే ఆ పూట పని అయినట్టే.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని చూడండి. 'ఎక్స్‌పోజర్ చేయిస్తారా, హోంవర్క్ ఇస్తారా' అని నేరుగా అడగండి. ధైర్యం చెప్పడం, పాజిటివ్‌గా ఆలోచించమనడం, చెడ్డ ఆలోచన రాగానే 'స్టాప్' అనుకోమనడం, మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసి లాక్కోమనడం: వీటితోనే నెలలు గడుపుతుంటే మారిపోండి.

ఇంట్లోవాళ్ల పాత్ర చాలా పెద్దది, చాలా కష్టమైనది కూడా. 'అమ్మా, తలుపు వేసీసేను కదా?' 'వేసీసేవు నాన్నా.' ప్రేమతో చెప్పిన జవాబే. కానీ పది నిమిషాలకి అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆ జవాబు కూడా కడుగుడు లాంటిదే, ఒకరి చేత చేయించుకున్న కంపల్షన్. వాళ్ల కోసం బయటి బట్టలు గుమ్మంలోనే విప్పడం, సరుకుల ప్యాకెట్లన్నీ సబ్బునీళ్లతో తుడవడం, వాళ్ల బదులు తాళం చూడటం కూడా అంతే. అలాగని ఒక పొద్దున్న లేచి అన్నీ బందు పెట్టెయ్యకూడదు. అది శిక్ష అవుతుంది, ఇల్లు రణరంగమవుతుంది. ప్రశాంతంగా ఉన్న వేళ కూర్చుని ఇద్దరూ ఒప్పుకోవాలి. ఈ వారం తలుపు ప్రశ్నకి రోజుకి అయిదుసార్లే జవాబు, వచ్చే వారం రెండు, ఆ తర్వాత లేదు. అడిగినప్పుడు చెప్పే మాట కూడా ముందే అనుకోవాలి: 'ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న. జవాబు చెప్పకూడదని మనిద్దరం అనుకున్నాం కదా. కష్టంగా ఉందని నాకు తెలుసు, నీ పక్కనే ఉంటాను.' గొంతు పెంచకుండా, ఎన్నిసార్లయినా అదే మాట. ఇంట్లో నలుగురుంటే నలుగురిదీ ఒకే మాట కావాలి, లేకపోతే నాన్న కాదంటే తాతయ్య దగ్గరికి వెళ్తారు.

పెళ్లి చేస్తే కుదురుకుంటుందన్న సలహా వినొద్దు. కొత్త ఇల్లు, కొత్త బాత్రూం, కొత్త మనుషులు అంటే కొత్త భయాలు. సంబంధం కుదిరిందని మందులు దాచి, మానిపించి, పెళ్లయిన కొద్ది నెలల్లో జబ్బు తిరగబెట్టించే ఇళ్లు ఉన్నాయి. ఆ పిల్ల కష్టానికి ఆ రహస్యమే కారణం.

ఇక మందులు. కింద చెప్పే అంకెలు సొంతంగా పెంచుకోవడానికి కాదు, డాక్టరు ఎటు తీసుకెళ్తున్నారో అర్థం కావడానికి. ఇవి డిప్రెషన్‌కి కూడా ఇచ్చే మందులే, కానీ ఓసీడీకి ఆ మోతాదు చాలామందికి చాలదు. ఫ్లుఆక్సెటిన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములు, సెర్ట్రాలిన్ 200 దాకా, ఫ్లువాక్సమిన్ 200 నుంచి 300, ఎస్సిటలోప్రామ్ 20, కొందరిలో 30 దాకా. పెద్దవాళ్లలో ఇలా మెల్లగా ఎక్కించి, తట్టుకోగలిగిన పై మోతాదులో కొన్ని వారాలు ఉంచి, మొత్తం 8 నుంచి 12 వారాలు చూశాకే 'ఈ మందు పనిచెయ్యలేదు' అనాలి. సెర్ట్రాలిన్ 50 మూడు వారాలు వాడి, మార్చి, ఇంకోటి మూడు వారాలు వాడి 'ఏ మందూ పడలేదు' అనేవాళ్లు నిజానికి ఏ మందూ సరిగ్గా వాడలేదు.

మొదటి రెండు వారాలు కడుపులో వికారం, విరేచనాలు, తలనొప్పి, లోపల కంగారు ఉండొచ్చు, చాలావరకు తగ్గుతాయి. లైంగిక ఇబ్బందులు మాత్రం తమంతట తగ్గకపోవచ్చు. సిగ్గుపడి మందు మానేకన్నా చెబితే సర్దుబాటుకి దారులున్నాయి. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో దగ్గరుండి గమనించాలి. గతంలో మితిమీరిన హుషారు, నిద్ర అక్కర్లేని రోజులు ఉంటే ముందే చెప్పాలి, బైపోలార్ (హుషారు, దిగులు మార్చిమార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో ఈ మందులు మేనియా, అంటే ఆ మితిమీరిన హుషారు, రేపగలవు. ముసలివాళ్లలో సోడియం పడిపోవచ్చు. ఫ్లువాక్సమిన్ వాడుతుంటే కాఫీ తగ్గించాలి, కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోదు. నడుంనొప్పికి ఇచ్చే టిజానిడిన్ దానితో అసలు కలపకూడదు. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా ఈ మందులన్నిటితో ప్రమాదమే, కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చీటీ చూపించండి.

రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గకపోతే క్లోమిప్రమిన్ ఉంది. బాగా పనిచేసే పాత మందు, కానీ ముందు ఈసీజీ తియ్యాలి, నోరెండటం, మలబద్ధకం ఉంటాయి, 250 దాటితే ఫిట్స్ భయం. లేదా ఉన్న మందుకి తక్కువ మోతాదులో ఆరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటి సైకోసిస్ మందులు కలుపుతారు. అందరికీ పనిచెయ్యవు, కొన్ని వారాల్లో తేడా లేకపోతే ఆపించెయ్యాలి. అయినా మొండికేస్తే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది.

కంగారు తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజెపాం ఓసీడీ మందులు కావు. వేసుకున్న అరగంటలో హాయిగా ఉంటుంది కాబట్టే జనం వాటిని ఇష్టపడతారు. అవి గోలీ రూపంలో ఉన్న ఊరట. అలవాటవుతాయి, ఎక్స్‌పోజర్‌కి ముందు వేసుకుంటే నేర్చుకోవడాన్ని చెడగొడతాయి. ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా ఆపకండి, డాక్టరే దించాలి.

విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. ఎదురుగా ఎవరైనా చూస్తారేమోనని దాని గేటు దాటలేక ఏళ్లు పోగొట్టుకోవద్దు. బయటికి వెళ్లే ధైర్యం రాకపోతే ముందు 14416కి, అంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. చనిపోవాలనిపిస్తున్నా అదే నంబరు. ఓపీకి వెళ్లేటప్పుడు వారం రోజుల పుస్తకం, ఇదివరకు వాడిన మందుల పేర్లు, ఒక్కోటి ఎంత మోతాదు, ఎన్ని వారాలు అన్నది రాసుకెళ్లండి. నోటితో చెప్పలేని ఆలోచన ఉంటే కాగితం మీద రాసి చేతికివ్వండి, డాక్టరుకి అది కొత్త కాదు.

తగ్గాక మందు కనీసం ఏడాది, చాలామందికి రెండేళ్లు. తర్వాత దించడం నెలల మీద జరగాలి, ఒక్కో మెట్టు దించాక నెల రెండు నెలలు ఆగి చూస్తూ. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు వస్తాయి. ఇదే కోవకి చెందిన పరాక్సెటిన్‌తో ఇంకా ఎక్కువ. మందు ఆపినవాళ్లలో తిరగబెట్టడం తక్కువేమీ కాదు. ఇఆర్‌పి చేసినవాళ్ల చేతిలో కనీసం పనిముట్టు ఉంటుంది. పరీక్షలు, కాన్పు, బదిలీ, ఇంట్లో చావు లాంటి సమయాల్లో పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. ఒక రోజు ఎక్కువ కడిగితే కంగారక్కర్లేదు. వారం పాటు రోజూ పెరుగుతుంటే మాత్రం ఆ వారమే మెట్ల హోంవర్క్ మొదలుపెట్టి, డాక్టరు అపాయింట్‌మెంటు ముందుకు జరుపుకోవాలి.